అక్రోటు బిగించి, గోరు మీద కొట్టండి

ఇటలీలో ఎవరైనా ఆన్‌లైన్‌లో బట్టల బీరువా కొంటే, దానితోపాటు వచ్చే, ఇంగ్లిష్ నుంచి ఇటాలియన్‌లోకి దించిన బిగింపు సూచనల కాగితాన్ని పారేయవద్దని మనవి. ఈ మధ్య అంత కల్పనాశక్తి ఉన్న రచన నేను చదవలేదు. మిలాన్‌లో మా ఇంటికొచ్చిన పెట్టెలో, ఆ కాగితం ప్రకారం, ఆరు ‘వీతి’, ఆరు ‘నోచి’ ఉన్నాయి. వీతి అంటే స్క్రూలూ అవుతాయి, ద్రాక్షతీగలూ అవుతాయి. అది ఇటాలియన్ వాళ్ల సొంత గొడవ, వదిలేద్దాం. నోచి అంటే మాత్రం అక్రోటు కాయలు. మనం బిగించే నట్టును వాళ్లు ‘దాదో’ అంటారు. ఇంగ్లిష్‌లో రెండూ నట్టే కాబట్టి, ఎవరో పుణ్యాత్ముడు తినేదాన్ని ఎంచుకున్నాడు.

సాయానికి వచ్చిన పక్కింటి పెద్దాయన రిటైరైన ఫిట్టర్. కాగితం అందుకుని గంభీరంగా పైకి చదివాడు: ‘పాలకమండలికీ అక్రోటుకీ మధ్య బట్టలుతికే మెషీన్ దూర్చండి.’ బోర్డు అంటే చెక్క కాదట, కంపెనీ డైరెక్టర్లట. వాషర్ సంగతి మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆయన నవ్వలేదు. మెషీన్ బాత్‌రూమ్‌లో ఉంది, ఆ తలుపులోంచి బయటికి రాదు అన్నాడు. తర్వాత మెరుపును పానాతో తిప్పమని ఉంది. అది బోల్టు. నాలుగో స్టెప్పుకొచ్చేసరికి ఆయన గొంతు కాస్త తగ్గింది: ‘గోరును సుత్తితో, తల పూర్తిగా లోపలికి దిగేదాకా కొట్టండి.’

“మీ గోరా, నా గోరా?” అని అడిగాడు.

కాగితంలో ఆ వివరం లేదు.

దీనికి అనువాదం చేసే యంత్రాన్ని తిట్టేవాళ్లున్నారు. పాపం, పూర్తి వాక్యం ఇస్తే బీరువాలో అక్రోట్లు ఉండవని ఈ రోజుల్లో యంత్రం కూడా చాలాసార్లు పట్టేస్తుంది. విడిభాగాల పట్టికలో వాక్యం ఎక్కడుంది? ఎక్సెల్ గడిలో ‘నట్’ అని ఒంటి మాట, పక్కన బొమ్మయినా ఉండదు. ఆ పట్టికలో ఏ అర్థం పడితే అదే తర్వాత ప్రతి వాక్యంలోకీ ఎక్కి కూర్చుంటుంది. 1960లోనే యంత్రానువాదం మీద పరిశోధించిన యెహోషువా బార్-హిల్లెల్ ‘ద బాక్స్ వాజ్ ఇన్ ద పెన్’ అనే చిన్న వాక్యం చూపించి, ఆ పెన్ రాసేదా, పసిపిల్లలను ఆడుకోవడానికి కూర్చోబెట్టే కటకటాల గూడా అన్నది లోకజ్ఞానం లేని యంత్రం తేల్చలేదని చెప్పాడు. (ఇటాలియన్‌లో ఆ గూడును ‘బాక్స్’ అనే అంటారు. ఇక తేల్చుకోండి.)

ఇటలీలో టెక్నికల్ అనువాదానికి ‘కర్తెల్లా’ లెక్కన డబ్బిచ్చే పద్ధతి ఉంది. ఒక కర్తెల్లా అంటే సాధారణంగా ఖాళీలతో కలిపి 1500 అక్షరాలు. రోమన్ లిపిలో దాదోకు నాలుగక్షరాలు, నోచెకూ నాలుగే. అకౌంట్స్ సెక్షన్‌కు ఇందులో తేడా ఏం కనిపిస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో ఎవరినైనా నట్టు ఇమ్మనండి. అక్రోటు తెస్తే నన్నడగండి. మనవాళ్లు ఆ మాటను తెచ్చుకునేటప్పుడే కావలసిన అర్థం ఒక్కటే ఏరుకుని, మిగతావి దొరల దగ్గరే వదిలేసి వచ్చారు.

సరే, నవ్వుకోవడం అయిపోతే చివరి స్టెప్పు చదవండి. బీరువా ముందుకు పడిపోకుండా గోడలోపలి నిలువు చట్రానికి బిగించాలి. ఆ చట్రాన్ని ఇంగ్లిష్‌లో స్టడ్ అంటారు. కాగితంలో ఉన్నది ‘స్తల్లోనె’. అంటే మగ గుర్రం, సిల్వెస్టర్ స్టాలోన్ ఇంటిపేరు. బీరువాను గుర్రానికి బిగించమన్నారు! చదివినవాడు నవ్వి, కాగితం మడిచి, ఆ పని మానేస్తాడు. రేపు మూడేళ్ల పిల్ల కింది సొరుగు లాగి, దాని మీద కాలేసి పైకి ఎక్కుతుంది. బీరువా పిల్ల మీద పడుతుంది. అప్పుడు ఏ భాషలో క్షమాపణ చెబుతారయ్యా? అమ్మే ముందు ఒక్క ఇటాలియన్ మనిషిని కూర్చోబెట్టి, ఒక్క గంట జీతమిచ్చి, ఆ ఒక్క పేజీ చదివించడానికి చేతులు రాలేదు. బీరువా ప్రకటనకు మాత్రం మోడల్ దొరికింది, కెమెరా దొరికింది, డబ్బు దొరికింది. సిగ్గుండాలి.

చట్టం లేదా అంటే, ఉంది. 2005 నాటి వినియోగదారుల కోడ్, 9వ అధికరణ: సమాచారం కనీసం ఇటాలియన్‌లో ఉండాలి. వేరే భాషలు కూడా ఉంటే, వాటికంటే ఇటాలియన్ తక్కువగా కనిపించకూడదు. మా కాగితంలో ‘స్తల్లోనె’ పక్కనున్న జర్మన్ మాటకంటే ఒక పిసరు పెద్దగానే ఉంది. ఆ విషయంలో కంపెనీకి వంక పెట్టలేం.