కాసేపు ఊరకే కూర్చుందాం రండప్పా

తెల్లారుజామున గండికోటకు పోయినోళ్ళకు ఇది అనుభవమే. జుమ్మా మసీదు దాటి, సెల్‌ఫోను లైటు వేసుకుని, బండల మీద తడుముకుంటూ లోయ అంచుకు చేరతాం. అప్పటికే అక్కడ కొందరు కూర్చునుంటారు. బెంగళూరు వాళ్ళు, జమ్మలమడుగు వాళ్ళు, కర్నూలు నుంచి బండ్లేసుకొచ్చిన పిల్లోళ్ళు. ఒకరికొకరు తెలీదు. కింద ఎక్కడో పెన్న. ఎర్రబండ మీద వెలుగు పడేసరికి, ఎవరూ చెప్పకుండానే అందరి మాటలూ ఆగిపోతాయి. ఆ రాళ్ళ వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటేనంట, ఒకప్పుడు నీళ్ళ కింద పేరుకున్న ఇసుకేనంట. ఆ లెక్క నా బుర్రకెక్కదు. కానీ పక్కన ముక్కూమొహం తెలియని మనిషి కూడా అదే చూస్తూ నోరు మెదపకుండా ఉంటే, ఆ కాలమంతా మీద వాలినట్టు ఒళ్ళు జలదరిస్తుంది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి బ్లూటూత్ స్పీకరు మోగుతుంది. తీన్మార్.

నాకు చప్పుడంటే పడదనుకునేరు. సీమలో పుట్టి డప్పు వద్దంటే కుదురుతుందా? జాతరలో నేనూ ముందే ఉంటా. నా కడుపుమంటల్లా ఒకటే: నలుగురం కలిసి ఊరకుండటం మనకు చేతగాకుండా పోతోంది. బెలుం గుహల్లో ధ్యాన మందిరం అని ఒక చోటుంది. అక్కడ మనోళ్ళు చేసేది కేకలేసి, గొంతు తిరిగొస్తుందా లేదా అని చూడటం. జనవరి 30న పొద్దున 11 గంటలకు అమరవీరుల కోసం దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించాలి. ఎప్పుడైనా గడియారం పెట్టి చూడండి. అర నిమిషానికే ఎవరో దగ్గుతారు, పెద్దసారు వాచీ చూసుకుంటాడు, "కూర్చోండి" అంటాడు. మైకు ముందు గంట మాట్లాడమంటే మాత్రం గంటన్నర!

మా నాయన పోయినప్పుడు వచ్చినోళ్ళలో చానామంది అడిగినవి ఇవే. ఏ ఆస్పత్రి? బిల్లు ఎంతైంది? హైదరాబాదుకు తీసకపోయింటే బతికేటోడు కదా? జవాబు చెప్పి చెప్పి నా నోరెండిపోయింది. మధ్యాన్నం ఎండలో, నాయనతో పాటు ఏళ్ళ తరబడి శెనగ్గింజలు విత్తిన పెద్దాయన వచ్చినాడు. నా పక్కన నాపబండ మీద కూర్చున్నాడు. టవాలు అంచున ఊడిన దారం ఒకటి వేలికి చుట్టుకుంటాడు, విప్పుతాడు, మళ్ళీ చుట్టుకుంటాడు. ఒక్క మాట లేదు. నన్నూ మాట్లాడనీయలేదు, నోరు తెరవబోతే మోకాలి మీద చెయ్యి వేసినాడు. అట్లా ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. మా తాత పోయినప్పుడు మా నాయనా ఇదే బండ మీద, ఇట్లే ఎవరి పక్కనో కూర్చునింటాడు. ఆయనకు ముందు ఇంకొకాయన. ఆ వరసంతా వచ్చి మా ఇద్దరి పక్కన కూర్చున్నట్టే అనిపించింది. చావింట్లో "పోయొస్తా" అనకూడదు కదా, పెద్దాయన ఆ మాట కూడా లేకుండానే లేచి చెప్పులేసుకుని పోయినాడు. ఆ రోజు నాకు దక్కిన ఓదార్పు అదొక్కటే.

దానికి ఇంత రాయాలా, ఇంట్లో తలుపేసుకుని ధ్యానం చేసుకోరాదా అంటాడు మా స్నేహితుడు. దానికి యాప్ కూడా ఉందంట, గంట కొట్టి మరీ లేపుతుందంట. చేసుకునేటోళ్ళను వద్దనను. నేను ఒక్కణ్ణే కళ్ళు మూసుకుంటే కరెంటు బిల్లు, చీటీ డబ్బులు వరసగా వచ్చి నిలబడతాయి. పక్కన ఇంకో మనిషి ఊపిరి వినబడితేనే నా మనసు కుదురుకుంటుంది. దక్షిణామూర్తి మర్రిచెట్టు కింద మాట్లాడకుండానే సందేహాలన్నీ తీర్చినాడంటారు. ఆయన కూడా ఒంటరిగా లేడు సామీ, ఎదురుగా శిష్యులున్నారు! కడప పెద్దదర్గాకు ఏ మతం వాళ్ళైనా వస్తారు, గోడవారన కూర్చుంటారు. మంత్రం రాకున్నా, నమాజు తెలియకున్నా కూర్చోవడానికేం అడ్డం?

ఇంట్లో మాత్రం నా మాట చెల్లడం లేదు. రాత్రి అన్నం తిన్నాక మిద్దె మీద చాప పరిచి, రండి ఊరకే కూర్చుందాం అంటే, "నాయనా, మామీద కోపమా?" అంటుంది పాప. కోపం లేదమ్మా అంటే నమ్మదు. వాళ్ళమ్మ అయితే చెయ్యి నుదుటి మీద పెట్టి జొరమేమో అని చూస్తుంది.