ప్రెస్‌మీట్ బల్ల గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ ప్రెస్‌మీట్ బల్ల గారి సముఖానికి, జిల్లా డెస్క్‌లో పనిచేసే సబ్ ఎడిటర్ నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

మనం ఎదురెదురుగా కలిసింది ఒక్కసారే. అయినా మీ ఫొటో చూడని వారం నా ఉద్యోగంలో లేదు. ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని ఉంటారు. దాని మీద బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, నాలుగు సెల్‌ఫోన్లు, ఒక ఎలక్ట్రానిక్ కాటా, ఓ చివర సార్‌ల కోసం వాటర్ బాటిళ్లు. మీ వెనక కుర్చీల్లో పోలీసు అధికారులు, వాళ్ల వెనక తువాళ్లు చుట్టిన తలకాయలు. ఫొటో కింద నా రెండు లైన్లు: ‘గంజాయి ముఠా గుట్టురట్టు. నిందితులు కటకటాల వెనక్కి. ప్రధాన సూత్రధారి పరారీ.’ పదహారేళ్లుగా ఆయన పరారీలోనే ఉన్నాడు. పాపం, ఆగి నిలబడటానికి ఎక్కడా ఒక బల్ల దొరికినట్టు లేదు.

‘విచారణలో నేరం ఒప్పుకున్నారు’ అని కూడా రాస్తుంటాను. పోలీసుల ముందు ఒప్పుకుంటే కోర్టులో చెల్లదని సాక్ష్య చట్టం పాతకాలం నుంచీ చెబుతోంది. మత్తుమందుల చట్టం కింద పట్టుకునే మిగతా శాఖల అధికారుల ముందు ఒప్పుకున్నా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టులో చెల్లకపోతేనేం, జిల్లా పేజీలో బ్రహ్మాండంగా చెల్లుతోంది.

మీకు వచ్చిన భాష ఒక్కటే, కిలోల భాష. 2021 చివర్లో ‘పరివర్తన’ పేరుతో మన్యంలో గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలకు పైగా సరుకు కుప్ప పోసి నిప్పంటించారు. మంటల ఫొటో మొదటి పేజీలో వేశాం. అంత సరుకు కాలాక మీకు ఓ ఏడాదైనా విశ్రాంతి దొరుకుతుందని అమాయకంగా అనుకున్నాను. నెల తిరక్కుండానే మళ్లీ అదే ఆకుపచ్చ గుడ్డ, అవే ప్యాకెట్లు. నేనూ పాత క్యాప్షనే తీసి, అంకె మార్చి పంపాను.

అదే 2022లో మథుర పోలీసులు కోర్టుకు చెప్పిన మాట కూడా మీకు గుర్తుండే ఉంటుంది. స్టేషన్లలో దాచిన గంజాయిలో 500 కిలోలకు పైగా ఎలుకలు తినేశాయన్నారు. వాటికి తువాళ్లు చుట్టి మీ వెనక నిలబెట్టిన ఫొటో మాత్రం నాకెక్కడా రాలేదు.

ఇక మనం కలిసిన రోజు సంగతి. మా రిపోర్టర్‌కు జ్వరమొస్తే నేను వెళ్లాను. పదకొండు గంటలకని చెప్పిన ప్రెస్‌మీట్ ఒంటిగంటకు మొదలైంది. అప్పటిదాకా వరండాలో ఇద్దర్ని నేల మీద కూర్చోబెట్టారు. అందులో ఒకడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మన్యంలోని చింతపల్లి వైపు కుర్రాడు. హవాయి చెప్పుల్లో ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు గుచ్చుకున్నాడు. సంచీ హైదరాబాద్‌లో దింపితే మూడు వేలు ఇస్తామన్నారట. ఎవరన్నారో పేరు తెలీదు, ‘సేటు’ అని మాత్రం తెలుసు. “నీళ్లుంటే ఇప్పించండి బాబూ” అన్నాడు. నీళ్లన్నీ మీ మీదే ఉన్నాయి, సీళ్లు విప్పకుండా.

లోపల కాటా మీద సంచీ పెట్టారు. ఆకు, కాడ, పాలిథిన్ కవరు, టేపు అన్నీ కలిపి 22 కిలోల 300 గ్రాములు. చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, దాని కాయలు. పూత లేకుండా ఒట్టి ఆకే అయితే అసలు గంజాయే కాదు. ఆ ఆకునే కాశీలో లైసెన్సు దుకాణంలో భంగు పేరుతో కొనుక్కోవచ్చు. కాటాకు అంత వృక్షశాస్త్రం ఎందుకు? 20 కిలోలు దాటింది, చాలు. కిలోలోపు ఉంటే చిన్న కేసు. 20 దాటితే వ్యాపారం కింద లెక్క, తక్కువలో తక్కువ పదేళ్లు. బెయిల్ కావాలన్నా ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు జడ్జిగారికి విచారణ కాకముందే కనబడాలి. బయటికొస్తే మళ్లీ చేయడనీ నమ్మకం కలగాలి. 37వ సెక్షన్ అంటారు దాన్ని. మూడు వేల కూలీకి ఒప్పుకున్న పిల్లాడు పెద్ద వ్యాపారి అయిపోయాడు, పాలిథిన్‌తో సహా.

ఫొటో టైమ్‌కి వాడి తలకు తువాలు చుట్టారు. నీలం గళ్ల తువాలు. ముఖం కనబడకపోతే హక్కులు కాపాడినట్టేనని మన లెక్క. అరెస్టయినవాళ్లను మీడియా ముందు ప్రదర్శనకు పెట్టకూడదని కేంద్ర హోంశాఖ 2010లోనే సలహా పంపింది. పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో ఒక మాన్యువల్ రాయమని 2023లో సుప్రీంకోర్టు ఆ శాఖకే చెప్పింది. ఈ కాగితాలు మీ సొరుగులో ఉన్నాయేమో కాస్త చూడండి. ఓ, మీకు సొరుగులు ఉండవు కదా.

ఆ మధ్య, 2021 అక్టోబర్‌లో, హైదరాబాద్ రోడ్ల మీద మీకు తమ్ముళ్లు పుట్టారు. పోలీసులు బైకులు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో ‘గంజాయి’ అన్న మాట ఉందేమోనని వెతికారు. వారెంటూ లేదు, కేసూ లేదు. ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదట. లాఠీ పట్టుకున్న మనిషి చెయ్యి చాపితే ఇష్టం ఎంతసేపు నిలుస్తుందో చెప్పక్కర్లేదు. నాకైతే నిజంగానే టెన్షన్ వచ్చింది. రోజుకు పాతికసార్లు ఆ మాట టైపు చేసేవాణ్ని నేను. నా ఫోన్ బరువు తూస్తే 20 కిలోలు ఎప్పుడో దాటేసి ఉంటుంది.

మీ మీద పెట్టినవన్నీ పదహారేళ్లుగా లెక్కపెడుతున్నాను. పెట్టనిది ఒకటి మా ఇంట్లో ఉంది.

2009లో మా పెద్దమ్మకు దవడ క్యాన్సర్. చివరి మూడు నెలలు నొప్పికి మాట రాక, తువాలు దవడ కింద నుంచి నెత్తి మీదికి బిగించి ముడేసుకుని కూర్చునేది. రాత్రుళ్లు చీర చెంగు నోట్లో కుక్కుకునేది, మాకు వినబడకుండా. మార్ఫిన్ మాత్రలు వేస్తే తగ్గుతుందని డాక్టర్ చెప్పాడు, కానీ కాగితం మీద రాయలేదు. జిల్లా కేంద్రంలో ఓ మందుల షాపులో ఆ పేరెత్తితే కౌంటర్ వెనకాయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “అలాంటివి మా దగ్గర ఉండవండీ, మీరు వెళ్లండి” అన్నాడు. దొంగసరుకు అడిగినట్టు నేనే తలవంచుకుని మెట్లు దిగాను.

మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందు పండించి ప్రపంచానికి అమ్మే దేశంలో నొప్పికి మార్ఫిన్ ఎందుకు దొరకదో నాకు అప్పుడు తెలీదు. మీ మత్తుమందుల చట్టం 1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. పిల్లల పండగ రోజే, ముహూర్తం ఎవరు పెట్టారోగానీ. లెక్కలో గ్రాము తేడా వచ్చినా పదేళ్లు జైలేమోనని ఆసుపత్రులు, కంపెనీలు, షాపులు మార్ఫిన్ వైపు చూడటమే మానేశాయి. తెచ్చుకుందామన్నా లైసెన్సు మీద లైసెన్సు కావాల్సి వచ్చేది. పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 90 శాతానికి పైగా పడిపోయింది. ఆ లైసెన్సుల ముడి కాస్త విప్పుతూ చట్టం సవరించింది 2014లో. పెద్దమ్మ 2009లోనే పోయింది. ఆమె మీ లెక్కల్లో ఏ ప్యాకెట్‌లోకీ రాదు.

ఇంకో ముచ్చట. పోయిన ఏడాది ఓ క్యాప్షన్ అచ్చయిన రోజు పొద్దున్నే డెస్క్‌కు ఫోనొచ్చింది. ఓ తండ్రి. “మా వాడికీ అలవాటైంది సార్. మాన్పించే ఆసుపత్రి ఎక్కడన్నా ఉందా? పేరు రాసుకుంటారా? పోలీసులకు వెళ్తుందా?” ఈ మూడు ప్రశ్నలు ఆగకుండా అడిగాడు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. గంజాయి మీద కొన్ని వందల వార్తలు దిద్దినవాణ్ని, ఒక్క ఆసుపత్రి పేరు తెలీదు. మీ వెనక బ్యానర్ మీద పెద్ద నంబర్ ఒకటి ఉంటుంది, కానీ అది సమాచారం ఇవ్వడానికి, పట్టించడానికి.

తర్వాత వెతికితే తెలిసింది. వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల్లో తనంతట తానే సర్కారు ఆసుపత్రిలోనో, సర్కారు గుర్తించిన చోటో చేరి చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదని ఆ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. మత్తు మానాలనుకునేవాళ్లకు 14446 అని హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఈ రెండూ ఏ ప్రెస్‌మీట్‌లోనూ నేను వినలేదు. మత్తుమందులకు బానిసలైన 20 మందిలో ఒకరికే ఆసుపత్రిలో ఉండి వైద్యం అందుతోందని ఎయిమ్స్ వాళ్ల సర్వే 2019లో చెప్పింది. మిగతా పంతొమ్మిది మంది ఆ తండ్రి కొడుకులాగే తలుపేసుకుని ఉంటారు. సూదులు వేసుకునేవాళ్లకు హెచ్‌ఐవీ రాకూడదని కొత్త సిరంజిలు పంచేదీ సర్కారే. అదే సిరంజి జేబులో దొరికితే సాక్ష్యంగా తెచ్చి మీ మీద పెట్టేదీ సర్కారే. ఆ భయానికి పాత సిరంజినే నలుగురూ పంచుకుంటే ఏమొస్తుందో తూచే కాటా మీ దగ్గర లేదు.

మిమ్మల్ని తీసి పారేయమని నేను అనడం లేదు. పెద్ద ముఠాలున్నాయి, వాళ్లను పట్టాలి. ఎప్పుడైనా ఆ ‘సేటు’ను తెచ్చి నిలబెడితే మొదటి పేజీ నేనే దగ్గరుండి చేయిస్తాను. ఈలోగా చిన్న కోరిక. వాటర్ బాటిళ్లలో ఒకటి వరండాలోకి పంపండి. బ్యానర్ మీద ఆ రెండో నంబర్‌కు జానెడు చోటివ్వండి.

రేపు పదకొండు గంటలకు ప్రెస్‌మీట్ అని ఇప్పుడే గ్రూపులో మెసేజ్ పడింది. పేజీ లేట్ కాకుండా క్యాప్షన్ కొట్టి పెట్టేశాను. పరారీ లైన్ కూడా వేశాను. కిలోల దగ్గర మాత్రం ఖాళీ వదిలాను.

ఇట్లు,
మీ ఫొటో కింద రెండు లైన్లు రాసేవాడు