కూటాల తర్వాత సోమవారం సంగతి

ఒకే సంఘంలో ఏళ్ల తరబడి కాపరిగా ఉన్న ఒక పాస్టర్ గారు, ఒకేచోట ఎక్కువకాలం ఉండటమే నమ్మకత్వం అంటూ రాసిన వ్యాసం చదివాను. అందులో ఆయన "బయటివాళ్లను చేరడం కార్యక్రమం కాదు, పరిచయం" అన్న మాట నాకు బాగా నచ్చింది. సువార్త కూటాలకు మైకులు, కరపత్రాలు, పోస్టర్లు అన్నీ సమకూరుస్తాం. ఆదివారం కూటంలో విశ్వసిస్తామని చేయి ఎత్తినవాళ్ల ఇంటికి సోమవారం ఎవరు వెళ్తారంటే మాత్రం అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. (నేనూ అందులో ఉన్నాను, దాచుకోవడం ఎందుకు.)

పౌలు ఎఫెసులో మూడేళ్లు ఉన్నాడు. బహిరంగంగానే కాదు, ఇంటింటా బోధించానని అపొస్తలుల కార్యములు 20లో తానే చెప్పుకున్నాడు. మిషనరీ విలియం కేరీ 1793లో భారతదేశానికి వస్తే, ఆయన పరిచర్యలో తొలి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం 1800 చివర్లో గానీ జరగలేదు. ఇప్పుడైతే మూడో ఏడాదికే రిపోర్టు అడిగి టెన్షన్ పెట్టేవాళ్లం!

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ హోలీ ట్రినిటీ చర్చిలో కాపరి చార్లెస్ సిమియన్‌ది ఇంకా కష్టం. 1782లో ఆయన నియామకం సంఘంలో చాలామందికి ఇష్టం లేదు. తలుపులున్న తమ బెంచీల వరుసలకు తాళాలు వేసుకుని ఆరాధనకే రాలేదు. వచ్చినవాళ్లు నడవాలో నిలబడి వినేవారు. అయినా 1836లో చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నాడు.

ఒక్క విషయంలో పాస్టర్ గారితో ఏకీభవించను. ఎక్కువకాలం ఉండటమే నమ్మకత్వం కాదు. కొందరు కాపరులు కదలరు, ఇంకొకరిని ఎదగనివ్వరు. తన తర్వాత పరిచర్య చేసేవాళ్లను ఆయన ఎలా తయారుచేస్తున్నారో కూడా రాసి ఉంటే బాగుండేది. ఆ భాగం కోసమే చివరిదాకా చదివాను.