ఏథెన్స్ పెంకుకు ఓ బహిరంగ లేఖ

పెంకూ,

ఎలా ఉన్నావు? నీకేంలే, ముందే పగిలినదానివి, కొత్తగా పగలడానికి ఏముంది! సారా గిన్నె అడుగో, నూనె కూజా మెడో విరిగితే పెంటకుప్ప మీదికి పోవాల్సిన నిన్ను పాతకాలపు గ్రీసులోని ఏథెన్స్ జనం ఏరి తెచ్చి, ఊరి నుంచి ఎవరిని పంపెయ్యాలో ఆ పేరు నీ మీద గీకి ఓటు చేశారు. పాపిరస్ కొనాలంటే డబ్బులు, నువ్వైతే వీధి వీధినా ఊరికే దొరుకుతావు.

నీ పద్ధతి ఏంటంటే, ఏడాదికోసారి సభలో "ఈసారి ఎవరినైనా పంపేద్దామా?" అని అడుగుతారు. ఎవరినో మాత్రం చెప్పరు! సరేనంటే కొన్నాళ్ళకి అగోరాలో, అంటే ఊరి సంత మైదానంలో, కంచె కట్టి, పది తెగలకి పది దారులు పెడితే, రాసిన వైపు కనబడకుండా నిన్ను పట్టుకుని జనం వస్తారు. 6,000 పెంకులు పడితేనే లెక్క. గెలిచినాయన, అదే, ఓడినాయన, పది రోజుల్లో పెట్టేబేడా సర్దుకుని పదేళ్ళు ఊరు విడిచి పోవాలి. నేరమేంటి అంటే ఏమీ లేదు, వాదించుకోవడానికి వీల్లేదు, ఆస్తి మాత్రం ఆయనదే, దాని మీద రాబడీ ఆయనదే. శిక్ష కాదు బాబూ, గాలి మార్పు!

మళ్ళీ నియంత పుట్టకూడదని నిన్ను తెచ్చారంటారు, క్రీ.పూ. 487లో మొదటి వేటు పాత నియంత బంధువు హిప్పార్కస్ మీదే పడింది కూడా. కానీ పెంకువి కదా, పెంకితనం ఎక్కడికి పోతుంది? క్రీ.పూ. 482కి నిజాయితీకి పేరుపడ్డ నాయకుడు అరిస్టైడిస్ దాకా వచ్చావు. పాత గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథే, చదువురాని ఒకాయన నిన్ను తెచ్చి, ఎదురుగా ఉన్నదెవరో తెలియక, "అరిస్టైడిస్ అని రాసిపెట్టవయ్యా" అని అరిస్టైడిస్‌నే అడిగాడు. ఆయన నీకేం అన్యాయం చేశాడంటే, "ఏమీ లేదు, ఎక్కడికెళ్ళినా న్యాయవంతుడు న్యాయవంతుడు అంటుంటే విని విని విసుగొచ్చింది" అన్నాడట. పాపం ఈయన మారు మాట్లాడకుండా రాసిచ్చాడు. తీరా రెండేళ్ళకే పర్షియా రాజు జెర్క్సీస్ దండెత్తి వస్తే, పంపినవాళ్ళే మళ్ళీ రమ్మని పిలిచారు.

అసలు నాకు నీ మీద మండేది ఇందుకు కాదు. ఏథెన్స్ కొండకోట అక్రోపోలిస్ ఉత్తరం వాలులో ఒక బావిలోంచి నిన్ను తీశారు చూడు, ఒకటి కాదు, 190 దాకా, దాదాపు అన్నిటి మీదా ఒకటే పేరు, థెమిస్టోక్లీస్. చేతిరాత చూస్తే రాసింది ఓ పద్నాలుగు మంది! కూర్చుని, గిన్నెల అడుగులు ఒకే రకానివి ఏరుకుని, రాసి పెట్టుకున్నారన్నమాట, వచ్చినవాళ్ళకి చేతిలో పెట్టడానికి. సలామిస్ సముద్ర యుద్ధంలో పర్షియా నౌకల్ని ముంచినాయన మీద! చివరికి ఆయన్ని పంపేశారు కూడా, పోయి పోయి ఆ పర్షియా కొలువులోనే తేలాడు.

నీ మీద కామెంట్లు కూడా రాశారు. ఒకాయన సేనాపతి కిమోన్ పేరు రాసి ఊరుకోకుండా, ఎల్పినికేని తీసుకుని పో అని చేర్చాడు. ఆవిడ కిమోన్ తోబుట్టువు. ఆవిడ సంగతి నీకెందుకయ్యా? ఇంతా చేసి ఎల్పినికేకి ఓటు లేదు, నీళ్ళు మోసే ఆడవాళ్ళకీ బానిసలకీ లేదు. కుండ వాళ్ళు మోయాలి, పెంకు వీళ్ళు వెయ్యాలి.

నీ పరువు తీసింది మాత్రం హైపర్బోలస్. ఒకరికొకరు పడని పెద్ద నాయకులు ఆల్సిబియాడిస్, నిసియాస్ ఇద్దరిలో ఒకరు పోతారని ఊరంతా కాచుక్కూచుంటే, ఆ ఇద్దరూ లోపాయికారీగా కలిసిపోయి, దీపాల వ్యాపారి అని అందరూ వెక్కిరించే హైపర్బోలస్‌ని సాగనంపారు. ఆంబోతులు రెండూ కొట్టుకోవడం మానేసి లేగదూడని తొక్కినట్టు. అంతే, ఆ తర్వాత నిన్ను ముట్టుకున్నవాళ్ళు లేరు. పాపం అనుకోవాలా, పీడ విరగడైంది అనుకోవాలా, నేనింకా తేల్చుకోలేదు.

మొన్న మా బాల్కనీలో తులసి కుండీ పగిలింది. ఊరుకోలేక ఓ పెంకు తీసుకుని, మేకుతో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ పేరు గీకాను. మట్టి పొడి గోళ్ళలో దూరింది గానీ అక్షరాలు మాత్రం తెల్లగా, భలే స్పష్టంగా వచ్చాయి. ఇంకా 5,999 కావాలి. మా బిల్డింగ్‌లో ఉన్నవి నలభై ఫ్లాట్లు, అందులో ఆరు ఖాళీ.

ఇట్లు,
కుండీ పగిలిన ఓ ఫ్లాటు యజమాని