ఆగి అడిగే గుమాస్తా కావాలి

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటింది. శ్రీకాకుళం జిల్లా పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఓ జీడిపప్పు వ్యాపారి ఆఫీసు అనుకుందాం. సీజన్ రోజులు, గుమ్మం ముందు బస్తాల లారీ ఆగి ఉంది. ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు పంపే విక్రేత పేరుతో, లెక్కలు చూసే కుర్రాడికి ఒక మెయిల్ వచ్చింది. దాని కింద పాత ఉత్తరప్రత్యుత్తరాలన్నీ వరసగా ఉన్నాయి. ఇన్వాయిస్ అదే, కంటైనర్ నంబరు అదే, కంపెనీ ముద్రా అదే. పోయిన వారం పిక్కల్లో తేమ ఎక్కువుందని మనవాళ్లు పెట్టిన పేచీ కూడా అందులో ఉంది. కొత్తగా చేరింది రెండే మాటలు. పాత ఖాతాలో ఆడిట్ జరుగుతోంది కాబట్టి ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకు పంపండి. ఈరోజే పంపితే సరుకు కాగితాలు వెంటనే విడుదల చేస్తాం.

యజమాని విశాఖ వెళ్లే రైల్లో ఉన్నారు, ఫోన్ కలవడం లేదు. 'సాయంత్రంలోగా డబ్బు వెళ్లిపోవాలి' అని పొద్దున్నే చెప్పి వెళ్లారు. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు సొరుగులో ఉండనే ఉన్నాయి. ఇంకో అరగంటలో బ్యాంకులో విదేశీ చెల్లింపుల పని ముగిసిపోతుంది. కుర్రాడు ఫారం నింపి బ్యాంకుకు పరుగెత్తాడు. పది రోజుల తర్వాత అసలు విక్రేత నుంచి ఫోన్ వచ్చింది: డబ్బు ఎప్పుడు పంపుతున్నారు?

ఈ కథలో కంప్యూటర్ చెడిపోలేదు, వైరస్ రాలేదు, తాళం పగలలేదు. దొంగ చేసిందల్లా ఓపిగ్గా చదవడమే. వ్యాపారి, విక్రేత ఇద్దరి ఆఫీసుల్లో ఎవరో ఒకరు ఎప్పుడో ఒక నకిలీ లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టి ఉంటారు. అప్పటి నుంచి దొంగ ఆ మెయిల్ పెట్టెలోనే మకాం పెట్టాడు. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో, బేరం ఎక్కడ తెగిందో, డబ్బు ఏ రోజు కదులుతుందో అన్నీ తెలుసుకున్నాడు. 'ఇన్వాయిస్' అన్న మాట ఉన్న మెయిళ్లన్నీ తనకూ ఒక కాపీ వచ్చేలా సెట్టింగు మార్చుకున్నాడు. అదను చూసి అసలు చిరునామాను పోలిన ఇంకో చిరునామా నుంచి రాశాడు. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే అచ్చం 'ఎమ్' లాగే కనిపిస్తుంది. పాత మానిటర్ మీద, పని ఒత్తిడిలో, ఆ తేడా పట్టుకునే కళ్లు ఎన్ని ఉంటాయి? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు, పదేళ్ల పరిచయం మీద ఉన్న నమ్మకమే ఇక్కడ దొంగకు పెట్టుబడి.

మోసపోయేది చిన్న ఊళ్లవాళ్లే అనుకోనక్కర్లేదు. లిథువేనియాకు చెందిన ఎవాల్డాస్ రిమసౌస్కాస్ 2013-15 మధ్య గూగుల్, ఫేస్‌బుక్ కంపెనీల చేత 12 కోట్ల డాలర్లకు పైగా కట్టించుకున్నాడు. ఆ రెండింటికీ సామగ్రి అమ్మే తైవాన్ కంపెనీ ఒకటుంది. అదే పేరుతో లాత్వియాలో ఇంకో కంపెనీ రిజిస్టర్ చేయించి బిల్లులు పంపాడు, అంతే. 2019లో అతనికి అయిదేళ్ల జైలుశిక్ష పడింది. ఇలా వ్యాపార మెయిళ్లలో దూరి చేసిన మోసాల వల్ల 2024లో పోయిన సొమ్ము, అమెరికా ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల లెక్క ప్రకారమే, 277 కోట్ల డాలర్లు.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి 95 కోట్ల డాలర్లు లాగేయాలని చూసిన ముఠా కూడా మెయిల్ దారినే లోపలికి వచ్చింది. ఏడాది ముందు, ఉద్యోగం కోసం రాసినట్టు ఒక దరఖాస్తు, దానితో బయోడేటా లింకు. 8.1 కోట్ల డాలర్లు పోయాయి. శ్రీలంకకు మళ్లించిన 2 కోట్లు మాత్రం వెనక్కి వచ్చాయి. దొంగలు 'ఫౌండేషన్' స్పెల్లింగు తప్పు రాశారు. మధ్యలో ఉన్న బ్యాంకుకు అనుమానం వచ్చి 'ఇదేమిటి?' అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న విలువ 2 కోట్ల డాలర్లు. ఇప్పుడు ఆ స్పెల్లింగు తప్పుల భరోసా కూడా పోయింది. కృత్రిమ మేధ చేతికొచ్చాక దొంగల ఇంగ్లిషు మన ఇంగ్లిషు కంటే శుభ్రంగా ఉంటోంది. వాళ్ల తెలుగు కూడా మెరుగుపడుతోంది.

'ఉద్యోగులకు అవగాహన కల్పించాలి' అని ఈ సమస్యకు అందరూ చెప్పే మందు ఒకటుంది. కాదనం. కానీ అవగాహన అంటే హోటల్ హాల్లో గంటన్నర ప్రసంగం, చివర టీ, సమోసా, గ్రూప్ ఫొటో అయితే మాత్రం మాకు నమ్మకం లేదు. అమెరికాలో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య సంస్థలో 19,500 మందికి పైగా ఉద్యోగుల మీద ఎనిమిది నెలల పాటు నకిలీ మెయిళ్లు పంపి చూశారు. వాటికి మోసపోవడంలో శిక్షణ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ మధ్య కనిపించిన తేడా 1.7 శాతం. పాఠం తెర మీదికి వస్తే చాలామంది నిమిషం కూడా ఆగలేదు. మనలో ఎవరు ఆగుతాం?

కాశీబుగ్గ కుర్రాడికి లోపించింది కంప్యూటర్ జ్ఞానం కాదు. ఖాతా మారిందనగానే అతనికి ఎక్కడో చివుక్కుమనే ఉంటుంది. కానీ ఆపితే ఏమవుతుందో అతనికి తెలుసు. 'చెప్పిన పని చేయడానికి నీకేం రోగం? నీ అనుమానాలతో సరుకు రేవులో ఆగిపోయింది' అని నలుగురిలో పడే చీవాట్లు తెలుసు. మన కొట్లలో, మిల్లుల్లో గుమాస్తా మంచివాడంటే మారు మాట్లాడనివాడు. యజమాని మాటకు ఎదురు ప్రశ్న వేస్తే అది పొగరు. ఈ మర్యాద మనకు తరాల నాటిది. దొంగకు కావలసింది కూడా సరిగ్గా ఇదే. అందుకే నకిలీ మెయిళ్లలో యజమాని పేరు ఉంటుంది, తొందర ఉంటుంది, 'మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయకు' అన్న హెచ్చరిక ఉంటుంది. భయపడే చోటే ఆ ఎత్తు పారుతుంది.

మా పత్రికాఫీసు ఇందుకు మినహాయింపని చెప్పుకోలేం. సంపాదకుడి పేరుతో కొత్తగా చేరిన ఒక ఉద్యోగికి మెయిల్ వచ్చింది, అర్జంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమని. 'సరే సార్, ఎన్ని కొనమంటారు?' అని వినయంగా జవాబిచ్చాడు. పక్క సీటాయన తెర మీదికి తొంగి చూసి 'మన సారు నిన్నెప్పుడైనా మెయిల్లో పని చెప్పారా?' అని నవ్వకపోతే జేబులో డబ్బు పోయేదే. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన సంగతి వేరే ఉంది. ఎదురుగా అద్దాల గదిలోనే ఉన్న సంపాదకుడి దగ్గరికి వెళ్లి అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. జరిగింది చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ తప్పు అతనిది కాదు, మాది.

కాబట్టి శిక్షణ యజమాని నుంచి మొదలవ్వాలి. ఖాతా నంబరు మారిందని ఎవరు చెప్పినా, చివరికి తానే చెప్పినట్టు ఉన్నా, ఫోన్ చేసి గొంతు వినే దాకా పైసా కదలకూడదని యజమానే నలుగురి ముందు చెప్పాలి. ఆ ఫోన్ కూడా మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, పాత బిల్లు మీదో డైరీలోనో ఉన్న నంబరుకు. మెయిల్‌లో నంబరుకు చేస్తే ఎత్తేది దొంగే. అయినా పెద్ద మొత్తం పంపేటప్పుడు ఇద్దరు చూడాలి. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలూ చెక్కులూ సొరుగులో ఉండటం మానాలి. ఈ చివరి మాటకు చాలామంది ముఖం చిట్లిస్తారని తెలుసు, యజమాని ఊళ్లో లేనిరోజు వ్యాపారం వాటి మీదే నడుస్తోంది మరి.

దేశంలోపలి చెల్లింపులకు ఇప్పుడు కొంత ఆసరా ఉంది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పంపే ముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికల్లా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులనూ ఆదేశించింది. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని గడువు పెట్టింది. ఈ సంగతి మన కొట్లలో లెక్కలు రాసేవాళ్లలో ఎంతమందికి చేరింది? బ్యాంకు మేనేజర్లు బీమా పాలసీలు అమ్మడానికి చూపే ఉత్సాహంలో పదో వంతు దీని మీద చూపితే చాలు.

మన జిల్లాల్లో ఎవరూ మాట్లాడని బలహీనత ఇంకొకటుంది, అది ఆడిటర్ గారి ఆఫీసు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, రాజాం, బొబ్బిలి, పార్వతీపురాల్లోనైనా చిన్న వ్యాపారికి మెయిల్ అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కోసం ఎవరో తెరిచి పెట్టిన ఖాతా. దాని పాస్‌వర్డ్ వ్యాపారికి తెలియదు. ఆడిటర్ దగ్గర పనిచేసే కుర్రాడి నోటుబుక్కులో ఉంటుంది, ఒక్కోసారి ఎక్సెల్ షీట్‌లో వందమందివి వరసగా ఉంటాయి. పాస్‌వర్డ్ చాలామందికి ఒకటే, కొట్టు పేరు, పక్కన 123. ఓటీపీ వస్తే వ్యాపారి ఎందుకని అడగకుండా ఫోన్‌లో చదివి చెప్పేస్తాడు. ఇన్నేళ్లుగా నెలనెలా అలా చెప్పించి మనమే అలవాటు చేశాం. రేపు 'జీఎస్టీ నోటీసు, 24 గంటల్లో జవాబివ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు' అని ఒక నకిలీ మెయిల్ ఆ ఆఫీసుకు వచ్చి, 20వ తేదీ రిటర్న్ హడావుడిలో ఉన్న కుర్రాడు దాన్ని నొక్కితే, పోయేది ఒక కొట్టు కాదు, బజారు బజారంతా. నోటీసు నిజమైనదయితే పోర్టల్‌లోకి నేరుగా వెళ్లినా కనిపిస్తుంది, మెయిల్‌లోని లింకుతో పనేలేదు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా అడిగే రెండంచెల తనిఖీ పెట్టుకోవడానికి ఫోన్ పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఆడిటర్ల సంఘాలు తమ క్లయింట్లకు చెప్పేముందు తమ ఆఫీసులతోనే మొదలుపెట్టాలి.

ఇన్ని చేసినా ఒకరోజు ఎవరో ఒకరు నొక్కుతారు. అప్పటి నుంచి గంటలు లెక్క. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, డబ్బు దేశంలోని ఖాతాల్లోనే తిరుగుతుంటే దాన్ని అక్కడే ఆపే అవకాశం ఉంటుంది. దొంగ ఆ సొమ్మును పది ఖాతాలకు చీల్చేశాక చేసే ఫోన్‌కు అంత బలం ఉండదు. విదేశాలకు పంపినదైతే ముందు బ్యాంకుకు పరుగెత్తి, చెల్లింపు వెనక్కి కోరే సందేశం ఆ గంటలోనే పంపించాలి. ఖాతాదారు తెలియక చేసిన పొరపాటుకు బ్యాంకే భరిస్తుందనుకోవడం భ్రమ. మన నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బు, బ్యాంకుకు తెలియజేసే దాకా మన నెత్తినేనని రిజర్వు బ్యాంకు 2017 జులై ఉత్తర్వులో చెప్పింది. ఇక యజమాని సంతకంతో, ఆయన ఫారం మీదే వెళ్లిన డబ్బుకు ఏ రక్షణ అడుగుతాం?

ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద ఇలాంటి మారువేషం మోసానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. దొంగ ఏ దేశంలో కూర్చున్నాడో తెలియనప్పుడు దాని వల్ల ఊరట తక్కువే. అయినా ఫిర్యాదు చేయాలి. మన దగ్గర చేయరు. బజార్లో పరువు పోతుందని, బ్యాంకులో పరపతి తగ్గుతుందని మింగేసి ఊరుకుంటారు. ఆ మౌనం వల్లే ఒక కొట్లో పారిన ఎత్తు పక్క కొట్లోనూ పారుతోంది. పలాస జీడి వ్యాపారుల సంఘం, విజయనగరం జిల్లాలోని జనపనార మిల్లులవాళ్లు, రాజాం వర్తకులు తమకు వచ్చిన నకిలీ మెయిళ్లను పేర్లు తీసేసి ఒకరికొకరు చూపించుకుంటే దానికి మించిన పాఠం లేదు. నెలకోసారి సంఘం సమావేశంలో ఒక్క మెయిల్ గోడ మీద వేసి, ఎక్కడ పట్టుకోవచ్చో గుమాస్తాల చేతే చెప్పించండి. సమోసాలు అప్పుడు పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రాలు, పోలీసు సైబర్ విభాగాలు తెలుగులో, ఈ జిల్లాల సరుకూ లావాదేవీలూ ఉదాహరణలుగా పెట్టి పాఠాలు తయారుచేయాలి. పిక్కల కంటైనర్ గురించి వచ్చిన నకిలీ మెయిల్ చూపిస్తే పలాస కుర్రాడికి పట్టేస్తుంది. అమెరికా కంపెనీ కథ చెబితే ఆవులిస్తాడు.

మళ్లీ ఆ శుక్రవారం మధ్యాహ్నానికి వద్దాం. కుర్రాడు ఫారం నింపలేదనుకోండి. యజమాని ఫోన్ కలవలేదు, విక్రేత పాత నంబరు కూడా ఆ రోజు పలకలేదు, సోమవారం దాకా ఆగాడు. తీరా చూస్తే ఆ మెయిల్ నిజమైనదే, విక్రేత ఖాతా నిజంగానే మారింది. ఈలోగా కాగితాలు ఆలస్యమై కంటైనర్ రేవులో రెండు రోజులు అదనంగా ఉండిపోయింది, ఆ ఆలస్యానికి కట్టే రుసుము, డెమరేజ్, పడింది. ఇలాంటివి ఏడాదిలో ఒకటి రెండు తప్పవు. ఆ డెమరేజ్ కంపెనీ ఖర్చుల పద్దులో రాసుకోవాలి. కుర్రాడి జీతంలో కోయకూడదు. ఆ నెల అతన్ని పిలిచి 'మంచి పని చేశావు' అనడానికి ఎంతమంది యజమానులు సిద్ధంగా ఉన్నారో చెప్పమనండి.