ఎనిమిది మ్యాచ్‌ల మనోలో, పదేళ్ల రహీం

2024 నవంబర్ 18 రాత్రి గచ్చిబౌలి బాలయోగి స్టేడియం నుంచి నల్లగొండకు తిరిగి వస్తున్నాం. మలేసియాతో ఫుట్‌బాల్ మ్యాచ్‌ను భారత్ 1-1తో డ్రా చేసుకుంది. 19వ నిమిషంలో గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు బంతి కోసం గోల్ వదిలి ముందుకు వచ్చేశాడు. బంతి ఆయనకు అందలేదు. పావులో జోసూ దాన్ని ఖాళీ గోల్‌లోకి తోసేశాడు. 39వ నిమిషంలో కార్నర్ కిక్‌కు రాహుల్ భేకే తల తగిలించి స్కోరు సమం చేశాడు. చెప్పుకోవడానికి ఆ మ్యాచ్‌లో ఇంకేమీ లేదు. బస్సులో మాట్లాడుకున్నదంతా భారత జట్టు కోచ్ మనోలో మార్కెజ్ గురించే, ఆయనకు ముందు కోచ్‌గా ఉన్న ఇగోర్ స్టిమాచ్ గురించే.

నా పక్కన డిగ్రీ చదివే అబ్బాయి, ఒంటి మీద మనోలో ఇంతకుముందు కోచ్‌గా పనిచేసిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు పసుపు జెర్సీ. ముందు సీట్లో నా ఈడు మిత్రుడు. "మనోలో వల్ల కాదు, స్టిమాచ్‌నే ఉంచాల్సింది" అని మిత్రుడు మొదలుపెట్టాడు. "అన్నా, మీరు హైదరాబాద్ మ్యాచ్‌లు చూసి ఉంటే ఈ మాట అనరు" అని అబ్బాయి అందుకున్నాడు. హయత్‌నగర్‌లో మొదలైన వాదన నార్కట్‌పల్లి దాటినా తెగలేదు. ఇద్దరి మాటా నిజమే కావడం వల్లనే అది తెగలేదని నాకు తర్వాత అనిపించింది.

అబ్బాయి చెప్పిన లెక్క ఇది. 2019-20లో, పుట్టిన మొదటి సీజన్‌లోనే, హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) పట్టికలో అట్టడుగున నిలిచింది. 2020లో మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1తో ముగిసింది. సాహిల్ తవోరా 88వ నిమిషంలో కొట్టిన గోల్‌తో ప్రాణం నిలిచింది. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్పు హైదరాబాద్‌ది. కరోనా కారణంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది కాబట్టి, తన జట్టు ఛాంపియన్ అవుతుంటే తెలంగాణ అభిమాని టీవీలో చూసి చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఆ వెలితి నాకు ఇప్పటికీ ఉంది.

మిత్రుడి లెక్క వేరు. భారత జట్టు కోచ్‌గా మనోలో మొదటి మ్యాచ్ కూడా ఇదే గచ్చిబౌలిలో, 2024 సెప్టెంబర్‌లో, మారిషస్‌తో జరిగింది. గోల్ లేని డ్రా. ఆరు రోజుల తర్వాత సిరియా చేతిలో 0-3 ఓటమి. ఆ రాత్రికి మాకు తెలియదు గానీ, చివరకు 2025 జూలైలో ఆయన తప్పుకునే నాటికి ఎనిమిది మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు, అదీ మాల్దీవుల మీద.

మనిషి ఒకడే, పెట్టిన బుర్ర ఒకటే, మైదానం కూడా కొంతవరకు అదే. ఒక చోట ఆరాధన, ఇంకో చోట ఛీత్కారం. మారిందేమిటో బస్సులో ఆ రాత్రి మాలో ఎవరూ అడగలేదు. క్లబ్బులో ఆయనకు మూడు సీజన్లు ఇచ్చారు. రోజూ పొద్దున్నే అవే ముఖాలు, అదే సాధన. దేశం జట్టులో దొరికింది పది రోజుల శిబిరం, రెండు మ్యాచ్‌లు, మళ్లీ అందరూ ఎవరి క్లబ్బుకు వాళ్లు. ఆయన తప్పు లేదని నేను అనను. ఆ ఏడాదంతా ఎఫ్‌సీ గోవా కోచ్ పదవిని కూడా అట్టిపెట్టుకున్నాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడానికి ఒప్పుకున్నది ఆయన, ఒప్పించింది జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య. కానీ ఎనిమిది మ్యాచ్‌లతో ఒక కోచ్ ఏం మిగిల్చాడో తేల్చడమంటే, నాట్లు వేసిన వారానికే దిగుబడి తూకం వేయడం లాంటిది.

మన వాదనలన్నీ దాదాపు ఇలాగే నడుస్తున్నాయి. కోచ్ వెళ్లిపోయిన రోజు ఏం జరిగిందో అదే ఆయన పేరు మీద ముద్రగా పడిపోతుంది. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ భారత జట్టు కోచ్‌గా రెండోసారి వచ్చిన 2015లో మన ప్రపంచ ర్యాంకు 173. 2017లో అది 96. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం. బహ్రెయిన్‌తో డ్రా అయితే చాలు, ముందంజ వేసేవాళ్లం. ఆట ముగిసే క్షణాల్లో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడాం. ఆయన అదే రోజు రాజీనామా చేశాడు. ఇవాళ కాన్‌స్టంటైన్ పేరెత్తితే నలుగురిలో ముగ్గురికి గుర్తొచ్చేది ఆ పెనాల్టీయే. ఇగోర్ స్టిమాచ్ సంగతీ అంతే. 2023లో ఆయన జట్టు మూడు కప్పులు గెలిచింది. 2024 జనవరి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లాడి ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో ఓడింది. జూన్‌లో ఆయన్ను తీసేశారు. బాబ్ హాటన్‌ను అయితే మన వాళ్లు తలుచుకోవడమే మానేశారు. 2008లో హైదరాబాద్‌లో మొదలై ఢిల్లీలో ముగిసిన ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్‌ను గెలిపించింది ఆయనే. ఫైనల్‌లో తజకిస్థాన్ మీద సునీల్ ఛెత్రి హ్యాట్రిక్. ఆ గెలుపుతోనే 1984 తర్వాత మొదటిసారి, 2011లో, ఆసియా కప్ ఆడగలిగాం.

నల్లగొండ గడియారం స్తంభం దగ్గర టీ కొట్టులో శని, ఆదివారాల్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ వాదన జరుగుతుంది. అక్కడ కూర్చుంటే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. పరాయి క్లబ్బుల విషయంలో మన కుర్రాళ్లు ఎంతో లోతుగా ఆలోచిస్తారు. 2024-25లో లివర్‌పూల్ లీగ్ గెలిచినప్పుడు ఆ టైటిల్ ఎవరిదన్న దాని మీద పెద్ద చర్చ. ఆర్నె స్లాట్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది అది. ఆడిన సలా, వాన్ డైక్, అలిసన్ అందరూ అంతకు ముందు కోచ్ యుర్గెన్ క్లాప్ తెచ్చుకున్నవాళ్లే. కొత్తగా వచ్చినవాడు దాదాపు కియేసా ఒక్కడే. "దున్నింది ఒకడు, కోసుకున్నది ఒకడు" అని ఒకరు తేల్చేశారు. "పండిన చేనును చీడ పట్టకుండా కాపాడటం చిన్న పనా?" అని సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసే ఇంకొకరు అడిగారు. ఆ ప్రశ్నకు అక్కడ జవాబు రాలేదు.

ఆర్సెనల్ కోచ్‌గా పనిచేసిన ఆర్సెన్ వెంగర్ గురించి మాట్లాడేటప్పుడు కప్పు లేని తొమ్మిదేళ్లను కొత్త స్టేడియం అప్పులతో కలిపి చదువుతారు. మాంచెస్టర్ యునైటెడ్‌ను నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ విషయంలో ఇంకా ముందుకు వెళ్తారు. ఇరవై ఆరేళ్లలో 13 లీగ్ టైటిళ్లు గెలిచిన మనిషి, 2013లో వెళ్తూ వెళ్తూ వయసు మళ్లిన జట్టును అప్పగించాడా, లేక వెనక వచ్చినవాళ్లకే చేతకాలేదా? మోయెస్ నుంచి మొదలుపెట్టి ఒక్కో పేరూ చెబుతారు. ఇంత ఓపిక, ఇంత జ్ఞాపకం ఉన్న అభిమాని, మన దేశం దాకా వచ్చేసరికి ఒక పెనాల్టీ దగ్గర ఆగిపోతున్నాడు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

ఎందుకంటే ఈ చర్చకు అసలైన కొలబద్ద మన దగ్గరే, నల్లగొండకు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగొస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మన వాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఈనాటి లెక్క ప్రకారం అయితే పది గోల్స్ పడిన మర్నాడే ఆయన కథ ముగిసిపోవాలి. 1956 మెల్‌బోర్న్‌కు జట్టును మళ్లీ ఆయన చేతికే ఇచ్చారు. ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, 4-2 గెలుపు, ఒలింపిక్ సెమీస్, నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. గ్రూపు దశలో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఎదురుగా ఉంది. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను పక్కన కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్ రహీంను తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన చనిపోయాడు.

పది గోల్స్ ఓటమి నుంచి ఆ పతకానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లు ఎలా నిలిచాయో చూడాలంటే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వైపు తిరగాలి. 1940ల నుంచి చనిపోయేదాకా రహీం అక్కడ శిక్షణ ఇచ్చాడు. ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగం, నెల జీతం, ఉండేది ఒకే ఊళ్లో. 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలో పెద్ద పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచారు. మెల్‌బోర్న్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అందరూ ఈ నగరం నేల మీద ఆడి పెరిగినవాళ్లే. ఒక ఊరి అలవాటునే దేశం అలవాటుగా మార్చడం ఆయనకు అందుకే సాధ్యమైంది.

ఆ అలవాట్లు ఎలా ఉండేవో ఒకటి చెప్తాను. డ్రిబ్లింగ్ చేయకూడదు, ఒక్క తాకుతోనే బంతిని పంపాలి అన్న నియమంతో రహీం పోటీలు పెట్టేవాడు. వాటం లేని కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా ఉండేవి. ఇది చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నల్లగొండలో మా బడి పీఈటీ సారు ప్రతి శనివారం మాతో చేయించింది అదే. మైదానంలో గీతలకు వాడే సున్నం పొడిలో బంతిని దొర్లించి మా మధ్యకు విసిరేవారు. ఎడమ కాలితోనే ఆడాలి. పది నిమిషాలకోసారి ఈల వేసి వరుసలో నిలబెట్టేవారు. కుడి పాదం మీద తెల్లటి మచ్చ కనబడితే వాడు బయటికి. మాకు బూట్లు లేవు కాబట్టి మచ్చ దాచుకునే వీలూ లేదు. ఎర్ర మట్టిలో పాదం రుద్దుకుని తప్పించుకోవాలని చూసిన వాళ్లలో నేనూ ఉన్నాను. హైదరాబాద్‌లో ఒక పాత పోలీసు ఆటగాడి దగ్గర నేర్చుకున్నానని సారు చెప్పేవారు. ఆ ఆటగాడికి నేర్పిన మనిషి పేరు మాకు ఏనాడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

రహీం మిగిల్చినదాన్ని మోసిన చేతులు కొన్నాళ్లు ఉన్నాయి. హైదరాబాద్ కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు సారథి, తర్వాత భారత జట్టుకు కోచ్, 1990లో ద్రోణాచార్య అవార్డు. 1965-66లో ఆంధ్రప్రదేశ్, రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మన వైపు నుంచి ఎవరూ దాన్ని ఎత్తలేదు. 2024 డిసెంబర్ 31న ఆ ట్రోఫీ ఫైనల్ ఇదే గచ్చిబౌలిలో జరిగింది. పశ్చిమ బెంగాల్, కేరళ ఆడాయి. ఆతిథ్య తెలంగాణ గ్రూపు దశలోనే ఆగిపోయింది. దీన్ని రహీం ఖాతాలో రాయలేం. పోలీసు జట్టు చుట్టూ ఉన్న ఉద్యోగాలు, పోటీలు, మైదానాలు సన్నగిల్లితే చనిపోయిన కోచ్ ఏం చేయగలడు?

మనోలో విషయంలోనూ నాకు కోపం ఉన్నది ఆయన తర్వాత జరిగినదాని మీద. 2023లో ఆయన వెళ్లాడు. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే క్లబ్బు వదిలారు. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి చివరి స్థానంలో నిలిచింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. 2022 నాటి ఛాంపియన్ ఇప్పుడు ఈ రాష్ట్రంలో లేదు. పాలమూరులోనో, దేవరకొండలోనో ఒక పిల్లవాడు బాగా ఆడితే, ఐఎస్‌ఎల్ స్థాయిలో తనదని చెప్పుకోవడానికి దగ్గరలో ఒక్క జట్టూ లేదు. స్టిమాచా, మనోలోనా అని మనం గొంతు చించుకున్న గంటల్లో పావువంతు ఈ విషయానికి ఖర్చు పెట్టి ఉంటే, క్లబ్బు కదిలిపోయిన వార్త ఇంత నిశ్శబ్దంగా వచ్చి వెళ్లేది కాదు.

ఆ బస్సు అబ్బాయి ఈమధ్య గడియారం దగ్గర కనిపించాడు. అదే పసుపు జెర్సీ, వెనక అంకె సగం రాలిపోయింది. ఇంకా మనోలో వైపేనా అని అడిగాను. "అవునన్నా, కానీ ఇప్పుడు ఎవరితో వాదించాలి, క్లబ్బే లేదు కదా" అన్నాడు. వాళ్ల వీధి పిల్లలు పదిమందికి తాను ఆట నేర్పుతున్నానని కూడా చెప్పాడు. శనివారం సాయంత్రం వాళ్లను మైదానానికి తీసుకురమ్మన్నాను. సున్నం పొడి నేను తెస్తానని చెప్పాను.