లెక్కల పిల్లలకు పై తరగతి పుస్తకమేనా మందు?

లెక్కల్లో చురుకైన చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఒక సలహా ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్ళందరూ మంచి మనసుతోనే పంపారు. దాని సారాంశం ఇది: పిల్లవాడు తోటివాళ్ళ కంటే ముందుంటే పై తరగతి పాఠ్యపుస్తకం చేతికివ్వండి, అదే అసలైన సవాలు. గడియారం పెట్టి లెక్కలు చేయించండి, వేగమే ప్రతిభకు కొలత. అయిదు నిమిషాల్లో తేలకపోతే ఆ పుస్తకం వాడి స్థాయికి మించినదని పక్కన పెట్టండి. పజిళ్ళు కాలక్షేపం. పదేళ్ళలోపు వాళ్ళకు కఠినమైన గణిత పుస్తకాలు అసలు లేవు. గణితం రాని తల్లిదండ్రులు ఇందులో తల దూర్చకపోవడమే మేలు, రామానుజన్‌కు ఎవరు నేర్పారు?

మొత్తం ఆరు మాటలు. వాటిలో ఒక్కదానికి సగం నిజం అంటుకుని ఉంది. మిగిలినవాటికి అదీ లేదు. (సలహాలో ప్రతిచోటా ‘పిల్లవాడు’ అనే ఉంది. నేను ఈ రాతలో చెప్పబోయేది ఏడేళ్ళ మా మేనకోడలి గురించి.)

“పై తరగతి పుస్తకమే అసలైన సవాలు”

ఆ సగం నిజం ఉన్నది ఇక్కడే, కాబట్టి ముందు దాన్ని ఒప్పుకుంటాను. అమెరికాలో జూలియన్ స్టాన్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కాలేజీలో చేరబోయేవారు రాసే పరీక్షను పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు పెట్టి, అందులో మెరిసినవారిని దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. వయసుతో నిమిత్తం లేకుండా ముందుకు పోనిస్తే అలాంటి పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారం దొరకలేదు. చాలామందికి మేలే జరిగింది. వచ్చిన పాఠాన్నే మళ్ళీ మళ్ళీ వల్లె వేయించడం కంటే ముందుకు పోనివ్వడం నయమన్నమాట నిజమే.

అయితే ముందుకు పోవడం ఒకటి, కష్టమైనది చేయడం మరొకటి. పాఠ్యపుస్తకం తీరు చూడండి. ఏ పద్ధతి వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది. పైన ‘భిన్నాల కూడిక’ అని రాసి, రెండు ఉదాహరణలు చేసి చూపించి, కింద అదే అచ్చులో ఇరవై లెక్కలు ఇస్తారు. ఆ ఇరవై అవసరమైన పిల్లలున్నారు, పుస్తకం రాసింది వాళ్ళ కోసమే, అందులో తప్పేమీ లేదు. రెండో లెక్కకే విషయం పట్టేసిన పిల్లకు మాత్రం మిగతా పద్దెనిమిదీ చాకిరీ. మూడో తరగతి పుస్తకంలో విసుగు పుట్టించిన ఆ పద్దెనిమిది లెక్కలు అయిదో తరగతి పుస్తకంలోనూ ఎదురుచూస్తూ ఉంటాయి. అంకెలు పెద్దవవుతాయి, అంతే. పైగా రెండేళ్ళు గడిచాక ఆ పిల్ల అదే పుస్తకం ముందు, అంతా తెలిసి, ఏడాది పొడవునా కూర్చోవాలి.

మా మేనకోడలు అలాగే రెండు తరగతుల పుస్తకాలు ముందుగానే నమిలి పక్కన పడేసింది. ఒకరోజు దాన్ని అడిగాను: “ఒకటి నుంచి పది వరకు ఉన్న సంఖ్యల్లో నీకు నచ్చిన ఆరు తీసుకో. వాటిలో ఏ రెండూ పక్కపక్కవి కాకూడదు.” ‘ఇంతేనా’ అన్నట్టు చూసింది. అయిదు వరకు ఇబ్బంది లేదు: 1, 3, 5, 7, 9. ఆరోది ఎక్కడ పెట్టినా ఎవరికో ఒకరికి పొరుగు వచ్చి పడుతుంది. కుదరదని తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఎందుకు కుదరదో చెప్పమంటే రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ వచ్చి, నోట్లో నురగతోనే చెప్పింది: ఒకటీ రెండూ ఒక ఇల్లు, మూడూ నాలుగూ ఒక ఇల్లు, అలా మొత్తం అయిదు ఇళ్ళు. మనుషులేమో ఆరుగురు. ఏదో ఒక ఇంట్లో ఇద్దరు ఉండి తీరాలి.

గణితంలో దీన్ని పావురాల గూళ్ళ సూత్రం అంటారు.  హంగరీ గణితవేత్త పాల్ ఎర్డోష్ పన్నెండేళ్ళు నిండని లాయోష్ పోషా అనే కుర్రవాడిని పరీక్షించడానికి అడిగింది దీనికి చుట్టం లాంటి ప్రశ్ననే: ఒకటి నుంచి ఏదైనా సరి సంఖ్య వరకు ఉన్నవాటిలో సగం కంటే ఒకటి ఎక్కువ తీసుకుంటే, ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేని జంట ఎందుకు తప్పదు? కుర్రవాడు అర నిమిషంలో చెప్పాడు: వాటిలో రెండు పక్కపక్కవై తీరాలి, పక్కపక్క సంఖ్యలు రెండింటినీ నిశ్శేషంగా భాగించేది ఒకటి తప్ప మరొకటి ఉండదు. తనకు ఆ కిటుకు తట్టడానికి పది నిమిషాలు పట్టిందని ఎర్డోషే చెప్పుకున్నారు.

అక్కడితో ఆగనక్కర్లేదు. మళ్ళీ ఒకటి నుంచి పది, మళ్ళీ ఏవైనా ఆరు. ఈసారి వాటిలో ఒకటి మరొకదాన్ని నిశ్శేషంగా భాగించి తీరుతుంది. అయిదింటితో తప్పించుకోవచ్చు, 6, 7, 8, 9, 10 తీసుకుంటే సరి. ఆరైతే కుదరదు. ఇళ్ళు మళ్ళీ అయిదే, కానీ ఎవరు ఎవరింట్లో ఉంటారన్నది పూర్తిగా మారిపోతుంది. జవాబు చెప్పను. మేం సంఖ్యల్లో పదిని దాటలేదు, ఏ పై తరగతి పాఠమూ తెరవలేదు. ఆ పిల్లకు వారం రోజుల పని దొరికింది.

సలహా రాసినవారు మరిచిన ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. పదేళ్ళవాళ్ళ గణితం అందుకున్న ఆరేళ్ళ పిల్ల చదవడంలోనూ రాయడంలోనూ ఆరేళ్ళ పిల్లే. సన్నని అక్షరాలు, పేరాల కొద్దీ ఉన్న ప్రశ్న, అడుగడుగునా రాసి చూపమనే ఆదేశం చూసి బెదిరి ‘నాకు రాదు’ అంటుంది. అక్కడ రానిది గణితం అనుకుంటే పొరపాటే. పెద్దవాళ్ళు చదివి వినిపించి, పిల్ల నోటితో చెప్పింది రాసుకుంటే సగం గొడవ తీరిపోతుంది.

“వేగమే కొలత”, “అయిదు నిమిషాల్లో రాకపోతే పుస్తకం మార్చండి”

ఈ రెండూ ఒకే చెట్టు కాయలు, కలిపే చూద్దాం.

వేగాన్ని మెచ్చుకునేవాళ్ళు తప్పకుండా చెప్పే కథ జర్మన్ గణితవేత్త గాస్‌ది. పంతులుగారు సంఖ్యలన్నీ కూడమంటే చిన్న గాస్ అందరికంటే ముందు పలక పెట్టేశాడట. గాస్ పోయిన మరుసటి ఏడాది, 1856లో, ఆయన మిత్రుడు సార్టోరియస్ రాసిన జీవిత చరిత్రలో ఈ కథ ఉంది. ఒకటి నుంచి వంద వరకు అన్నది తరువాతివాళ్ళు చేర్చిన ముచ్చట. అలాగే అనుకున్నా, కథలో గాస్ చేసిన గొప్ప పని ఏమిటి? వేగంగా కూడటమా? వాడసలు కూడనే లేదు. ఒకటీ వందా 101, రెండూ తొంభై తొమ్మిదీ 101, అలాంటి జంటలు యాభై, మొత్తం 5050. గడియారం పెట్టి కూడికలు చేయిస్తే పిల్లలకు అలవాటయ్యేది దీనికి సరిగ్గా ఎదురు గుణం: ఆగి చూడకుండా చెయ్యి కదిలించడం. ఎక్కాలు నోటికి రావద్దని నేననను. రావాలి. అవి పనిముట్లు, వాటిని నూరుకుంటూ కూర్చోవడమే పని కాదు.

హంగరీలో 1894లో బడి పిల్లల కోసం ఒక గణిత మాసపత్రిక మొదలైంది. కోమల్ అన్న పొట్టి పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. సమస్యలు అచ్చువేస్తారు, విద్యార్థులు ఇంట్లో తీరిగ్గా ఆలోచించి పరిష్కారాలు పంపుతారు. గడువు నిమిషాల్లో ఉండదు, వారాల్లో ఉంటుంది. అంత చిన్న దేశం నుంచి అంతమంది గణితవేత్తలు ఎలా వచ్చారని అడిగినప్పుడల్లా వినిపించే పేర్లలో ఆ పత్రికది ఒకటి. 2014లో గణితంలో అతి పెద్ద గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్న మరియం మీర్జాఖానీ తాను నెమ్మదిగా ఆలోచించే మనిషినని చెప్పుకున్నారు. 1950లో అదే పతకం అందుకున్న లోరాఁ ష్వార్జ్ బడిలో తన నెమ్మదిని చూసుకుని తెలివితక్కువవాణ్ణేమోనని బెంగపడేవాడు.

ఇక అయిదు నిమిషాల సూత్రం. సలహా మొత్తంలో ఎక్కువ హాని చేసేది ఇదేనని నా అభిప్రాయం. అన్నీ సులువుగా వచ్చేసే పిల్లలకు ఇరుక్కోవడం ఎలా ఉంటుందో తెలియదు. మొదటిసారి ఎప్పుడో పదమూడేళ్ళకో పదిహేనేళ్ళకో ఇరుక్కుంటే, ‘నా తెలివి ఇంతటితో అయిపోయింది’ అనుకుంటారు. ఆ అనుభవం ఏడేళ్ళకే, పక్కన పెద్దవాళ్ళు ఉండగా, పరీక్షలూ మార్కులూ లేనిచోట ఎదురవ్వాలి. అందుకు పనికొచ్చే పుస్తకాన్నే ఈ సూత్రం ఇంట్లోంచి వెళ్ళగొడుతుంది.

మరి పుస్తకం నిజంగానే మించినదైతే? అదీ జరుగుతుంది. నేను పాటించే లెక్క మోటుగా ఉంటుంది: పది సమస్యల్లో పదీ ఒక్క కూర్చోవడంలో అయిపోతే అది వ్యాయామ పుస్తకం. వారం తరువాత కూడా ఒక్కటీ కదలకపోతే అల్మారాలో పెట్టి ఆరు నెలలకు తీయాలి. ఆరేడు తేలి, మూడు నాలుగు పంటి కింద రాయిలా మిగిలితే అదే కావలసిన పుస్తకం. పిల్ల ఏడ్చిన రోజున ఆ పూటకు మూసేయాలి, తప్పదు. మర్నాడు మళ్ళీ తెరవాలి.

“పజిళ్ళు కాలక్షేపం”

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. తోడేలు, మేక, క్యాబేజీలను పడవలో ఏరు దాటించే లెక్క దాదాపు 1200 ఏళ్ళ నాటిది. ఆల్క్విన్ అనే పండితుడు కూర్చినట్టుగా చెప్పే ఆ సంకలనం పేరుకు అర్థమే ‘యువకుల బుద్ధికి పదును పెట్టే సమస్యలు’. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలో తేనెటీగల గుంపు ఉంది: అయిదో వంతు ఒక పూవు మీద, మూడో వంతు మరొక పూవు మీద, ఆ రెండింటి తేడాకు మూడు రెట్లు ఇంకొక పూవు మీద వాలాయి, ఒకటి మిగిలింది. మొత్తం ఎన్ని? బీజగణితం రాని పిల్ల కూడా గింజలు పేర్చుకుంటూ పదిహేను దగ్గరకు చేరుతుంది. మనకైతే పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కోనిగ్స్‌బర్గ్ ఏడు వంతెనలను ఒక్కోసారి మాత్రమే దాటుతూ తిరగగలమా అన్న ఊసుపోని ప్రశ్నను 1736లో గణితవేత్త ఆయిలర్ పట్టించుకోబట్టి ఒక గణితశాఖే పుట్టింది.

అయినా పజిల్ పేరున్నదల్లా మంచిది కాదు. మాటల గారడీతో బోల్తా కొట్టించేవి ఒకసారి నవ్వించి ఊరుకుంటాయి. సుడోకు ఇరవయ్యోది చేసేసరికి పిల్లలు ఆలోచించడం మానేస్తారు. జవాబు తెలిశాక ‘మరి పదికి బదులు పన్నెండైతే?’ అని పిల్ల తనంతట తాను అడిగితే ఆ పజిల్‌లో సరుకు ఉన్నట్టు.

“పదేళ్ళలోపు వాళ్ళకు కఠినమైన పుస్తకాలు లేవు”

వెతకలేదని చెబితే నమ్ముతాను. మాస్కో గణితవేత్త అలెగ్జాండర్ జ్వోన్‌కిన్ 1980ల మొదట్లో తన కొడుకునూ వాడి ఈడు పిల్లలనూ కూర్చోబెట్టి గణిత బృందం నడిపారు. ‘మూడు నుంచి ఏడేళ్ళ వరకు గణితం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఆ డైరీ ఇంగ్లీషులో దొరుకుతుంది. అది పిల్లల చేతికిచ్చేది కాదు, పెద్దలు చదవాల్సింది. కుదరని రోజులను కూడా దాచకుండా రాయడం అందులో నాకు అన్నిటికంటే నచ్చింది. పిల్లలు తామే చదువుకునేవాటిలో బీస్ట్ అకాడమీ ఉంది. బొమ్మల కథలుగా నడుస్తుంది, జతగా వచ్చే అభ్యాస పుస్తకాల్లో నక్షత్రం గుర్తు పెట్టిన సమస్యలు పెద్దవాళ్ళను కూడా కాసేపు కూర్చోబెడతాయి. జర్మన్ కవి ఎన్‌జెన్స్‌బెర్గర్ 1997లో రాసిన ‘సంఖ్యల భూతం’ లెక్కలంటే పడని కుర్రవాడి పన్నెండు కలల కథ. దాన్ని పడుకునే ముందు చదివి వినిపించవచ్చు.

పుస్తకమే కావాలన్న పట్టుదల లేకపోతే దారి ఇంకా వెడల్పు. 1991లో ఫ్రాన్స్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకిన కంగారూ గణిత పోటీలో అతి చిన్న తరగతులకు కూడా ప్రశ్నపత్రాలుంటాయి, పాతవి వెతికితే దొరుకుతాయి. ప్రశ్నలు పోను పోను కష్టమవుతాయి కాబట్టి చురుకైన పిల్లకు పత్రాన్ని చివరి నుంచి ఇవ్వండి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి ఎన్‌రిచ్ వెబ్‌సైటు 1996 నుంచి సమస్యలను ఉచితంగా అందిస్తోంది. ఎవరైనా మొదలుపెట్టగలిగేలా, ఎంత దూరమైనా పోగలిగేలా సమస్యలు కూర్చడం దాని పద్ధతి.

“గణితం రాని తల్లిదండ్రులు దూరంగా ఉండండి”

రామానుజన్‌ను ఇందులోకి లాగడం నాకు కోపం తెప్పించింది. ఆయన గాలిలోంచి నేర్చుకోలేదు. లోనీ అనే ఆయన రాసిన త్రికోణమితి పుస్తకం చదివారు, 1903 ప్రాంతంలో కార్ అనే ఆయన కూర్చిన గణిత ఫలితాల సంగ్రహం చేతికొచ్చింది. దాదాపు అయిదు వేల ఫలితాల ఆ పుస్తకంలో చాలావాటికి నిరూపణలు లేవు. ఒక్కొక్కటీ ఆయనే తేల్చుకోవాల్సి వచ్చింది. అప్పటికి ఆయన వయసు పదిహేను, పదహారు. ఆరేళ్ళు కాదు. ఒంటరితనానికి మూల్యం కూడా ఉంది: మిగతా సబ్జెక్టులు వదిలేసి ఉపకార వేతనం పోగొట్టుకున్నారు, ఇతరులు అప్పటికే కనిపెట్టినవాటిని తెలియక మళ్ళీ కనిపెట్టడానికి ఏళ్ళు ఖర్చుపెట్టారు.

పాతికేళ్ళ పాటు సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో గణిత వినోదాలు రాసిన మార్టిన్ గార్డ్‌నర్ చదివింది తత్త్వశాస్త్రం. పక్కన కూర్చోవడానికి పట్టా అక్కర్లేదు. సమస్య చదివి వినిపించడం, ‘ఎందుకలా అనుకుంటున్నావు’ అని అడగడం, తప్పు జవాబు విన్నప్పుడు కూడా ముఖం మార్చకుండా ఉండటం. చివరిది మాత్రం నాకు చాలా రోజులకు గానీ అలవాటు కాలేదు.

లెక్కల పుస్తకంలో జవాబుల పేజీలకు నేను పెద్ద క్లిప్పు పెట్టి ఉంచుతాను. పది సంఖ్యల్లో ఆరింటి భాగహారం లెక్క పిల్లకు ఇంకా తేలలేదు. నిన్న రాత్రి మేనకోడలు ఆ పుస్తకం తన దిండు కింద దాచుకుంది. ఎందుకే అంటే, నువ్వు క్లిప్పు తీసి చూసేస్తావని అంది.